చిన్న కరెక్షనే కదా అనుకునే ముందు: తప్పు, మార్పు, తగువు

తోట కొన్న దస్తావేజులో ఆర్.ఎస్. నంబరు, అంటే భూమి సర్వే నంబరు, 112/2 అని పడాల్సిన చోట 121/2 అని పడిందనుకుందాం. దస్తావేజులో మిగతావన్నీ సరిగానే ఉన్నాయి. రాసి ఇచ్చినవాళ్ళ పేర్లు, రాయించుకున్నవాళ్ళ పేర్లు, ప్రతిఫలం, విస్తీర్ణం, చెక్కుబందీ (నాలుగు హద్దులు), దేనికీ వంక పెట్టడానికి లేదు. తోట కొన్నవాళ్ళ స్వాధీనంలోనే ఉంది. కొబ్బరి దింపు వాళ్ళే తీయించుకుంటున్నారు, శిస్తు వాళ్ళే కడుతున్నారు. ఏళ్ళ తరబడి ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. పిల్ల చదువుకని బ్యాంకులో తోట తనఖా పెట్టబోతే అప్పుడు బయటపడుతుంది, అసలు నంబరు 112/2 మీద ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీస్తే ఇంకా పాత యజమాని పేరే ఉందని.

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం, ఏ ఊరి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర చూసినా ఇలాంటివాళ్ళు కనపడుతూనే ఉంటారు. "చిన్న కరెక్షనే కదండీ బాబాయ్ గారూ, ఓ అంకె మార్చేస్తే సరిపోతుంది" అని డాక్యుమెంట్ రైటరుని బతిమాలుతుంటారు. అంకె చిన్నదే. అది చేసే పని చిన్నది కాదు.

ఈసీ రాసేవాళ్ళు తోటకొచ్చి చూసి రాయరు. రిజిస్టరైన ప్రతి దస్తావేజునీ ఆఫీసులో మనుషుల పేర్ల మీద ఒక సూచికలోనూ, ఆస్తి వివరాల మీద ఇంకో సూచికలోనూ ఎక్కిస్తారు. మనం సర్వే నంబరిచ్చి ఈసీ అడిగితే ఆ రెండో సూచికలోంచి లాగి ఇస్తారు. అమ్మకం 121/2 కింద ఎక్కింది కాబట్టి 112/2 కింద వెతికితే దొరకదు. అమ్మినాయన పెద్దమనిషే కావచ్చు. ఆయన పోయాక కొడుకులు ఆ సంగతి తెలియకో, తెలిసో, అదే తోటను ఇంకొకరికి బేరం పెట్టవచ్చు. కొనేవాడు ఈసీ తీసుకుంటాడు, నిక్షేపంగా ఉందనుకుంటాడు, డబ్బు కట్టేస్తాడు. ఇటు 121/2 అసలు యజమాని ఏ పాపమూ ఎరగడు. ఆయన తన పొలం అమ్ముకుందామని ఈసీ తీస్తే, ఎప్పుడూ చూడని మనుషులెవరో తన పొలాన్ని అమ్ముకున్నట్టూ కొనుక్కున్నట్టూ కనపడుతుంది. రెండంకెలు తారుమారైతే ఇన్ని కుటుంబాలు ఇరుకున పడతాయి.

మనం కరెక్షన్ అని పిలిచే దీనికి రిజిస్ట్రేషన్ భాషలో రెక్టిఫికేషన్ అని పేరు. ఇచ్చే కాగితం రెక్టిఫికేషన్ డీడ్, తెలుగులో సవరణ దస్తావేజు. దీని లోపలి సంగతి ఒక్కటి పట్టుకుంటే మిగతా చిక్కులన్నీ వాటంతటవే విడిపోతాయి. రెక్టిఫికేషన్ అనేది రాతను సరిచేస్తుంది, బేరాన్ని సరిచేయదు. ఇద్దరూ అనుకున్నది ఒకటై, కాగితం మీద పడింది ఇంకొకటైతే, కాగితాన్ని అనుకున్నదాని దగ్గరికి తెస్తుంది. అనుకోనిదాన్ని కొత్తగా తెచ్చి పెట్టడం దాని చేత కాదు.

సవరణ దస్తావేజు ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూద్దాం. ముందు పాత దస్తావేజు తేదీ, నంబరు, ఏ ఆఫీసులో రిజిస్టరైంది అనేవి చెబుతారు. తర్వాత అసలు వాక్యం ఇంచుమించు ఇలా సాగుతుంది: "లోగడ మేము మీకు వ్రాసి ఇచ్చిన సదరు క్రయ దస్తావేజు షెడ్యూలులో ఆర్.ఎస్. నం. 121/2 అని పొరపాటున వ్రాయబడినది. సదరు నంబరును 112/2 అని చదువుకొనవలెను. తక్కిన షరతులన్నియు యథాతథము." ఆపైన సరైన షెడ్యూలు పూర్తిగా, నాలుగు హద్దులతో మళ్ళీ రాస్తారు. తప్పు మాటా, ఒప్పు మాటా పక్కపక్కనే ఉండాలి. తప్పు ఏమిటో చెప్పకుండా ఒట్టి కొత్త షెడ్యూలు మాత్రం రాస్తే, చదివేవాడికి ఇది అదే భూమో వేరే భూమో అర్థం కాదు. పాత దస్తావేజును మాత్రం ఎవరూ ముట్టుకోరు. దాని మీద కొట్టివేతలుండవు, దిద్దుళ్ళుండవు. రెండు కాగితాలూ జతగా నడుస్తాయి. ఇకమీదట ఎవరికి చూపించినా రెండూ చూపించాలి. రెండోది కూడా సూచికలోకి ఎక్కుతుంది కాబట్టి సరైన నంబరు మీద ఈసీ తీస్తే లావాదేవీ కనపడుతుంది.

దీని మీద ఎవరెవరు సంతకం పెట్టాలన్న దగ్గరే మన ప్రాంతంలో బండి ఆగిపోతుంది. పాత దస్తావేజు రాసి ఇచ్చినవాళ్ళందరూ పెట్టాలి. రాయించుకున్నవాళ్ళు కూడా కలిసి సంతకం చేయడం క్షేమం. అమ్మినాయన చనిపోతే ఆయన వారసులందరూ రావాలి, ఆడపిల్లలతో సహా. అన్నదమ్ములు ముగ్గురొచ్చి సంతకాలు పెట్టేస్తే చాలనుకుని అక్కచెల్లెళ్ళను వదిలేసిన సవరణలు ఆ తర్వాత తలనొప్పి తెచ్చాయి. కోనసీమ ఇళ్ళలో ఒకరు కువైట్‌లోనో, దుబాయ్‌లోనో, ఖతార్‌లోనో ఉండటం మామూలే. వాళ్ళు రాలేకపోతే అక్కడి నుంచి పవరాఫ్ అటార్నీ పంపాలి. దాన్ని అక్కడి నోటరీ దగ్గరో, భారత కాన్సులేటులోనో రాసి ధ్రువీకరింపజేయాలని రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షను చెబుతుంది. ఆ కాగితం మన దేశంలోకి వచ్చిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ఎందుకూ పనికిరాదు.

సుంకం సంగతి. ఒట్టి రాత తప్పును సరిచేసే సవరణకు ఆస్తి విలువ మీద పూర్తి స్టాంపు సుంకం పడదు. అమ్మకం మీద సుంకం అప్పుడే కట్టేశారు కాబట్టి నామమాత్రపు స్టాంపు, ఫీజు సరిపోతాయి. ఈ తేలికదనం చూసే కొంతమంది సవరణ పేరు పెట్టి కొత్త భూమిని లోపలికి లాగాలని చూస్తారు. పాత దస్తావేజులో య. 0-35 సెంట్లు అని ఉంటే దాన్ని య. 0-53 సెంట్లు అని చదువుకోవాలంటారు. ఇది అంకెలు తారుమారైన తప్పు కావచ్చు. పద్దెనిమిది సెంట్లు ఉచితంగా కలుపుకోవడమూ కావచ్చు. తేల్చేది చెక్కుబందీ. తూర్పున పంట బోదె (సాగునీటి కాలువ), పడమర పుంత (బండి బాట), ఉత్తర దక్షిణాల్లో ఫలానా వాళ్ళ తోటలు అని రాసిన హద్దుల మధ్య కొలిస్తే 53 సెంట్లు వస్తే, ధర కూడా 53 సెంట్ల లెక్కనే ఇచ్చినట్టు తేలితే, అది రాత తప్పే. పశ్చిమ హద్దును పుంత దాటించి అవతలి ముక్కను కలిపితేనే 53 అవుతుందంటే, అది కొత్త అమ్మకం. దానికి కొత్త దస్తావేజు, కొత్త సుంకం. సబ్‌రిజిస్ట్రారు ఇక్కడ ఆగి ప్రశ్నించడం ఆయన బాధ్యత, మనమీద కక్ష కాదు.

చెక్కుబందీ గురించి ఇంకో మాట. సర్వే నంబరుకీ, విస్తీర్ణానికీ, హద్దులకీ పొంతన కుదరనప్పుడు, హద్దులు స్పష్టంగా ఉంటే వాటికే విలువెక్కువ అన్నది మన కోర్టులు చాలాకాలంగా పాటిస్తున్న సూత్రం. ఎందుకంటే కొనేవాడూ అమ్మేవాడూ గట్టు మీద నిలబడి చూపించుకునేది హద్దుల్నే, నంబరును కాదు. అందుచేత నంబరు తప్పు పడినంత మాత్రాన అమ్మకం చెల్లకుండా పోదు. "మా దస్తావేజు చెల్లదంట" అని గుండెలు బాదుకునేవాళ్ళకు ముందు చెప్పాల్సిన మాట ఇది. హక్కు ఉంది, దాన్ని చూపించుకోవడమే కష్టమవుతోంది. సవరణ ఆ కష్టాన్ని తీరుస్తుంది.

ఇక అసలు చిక్కు. కాగితంలో ఉన్నదానికీ బయట ఉన్నదానికీ తేడా కనపడగానే మనం దాన్ని తప్పు అనేస్తాం. ఆ తేడాలో మూడు రకాలున్నాయి. ఒకటి తప్పు, రాసిన రోజునే కాగితం నిజం చెప్పలేదు. రెండోది మార్పు, రాసిన రోజున నిజమే, తర్వాత లోకం మారింది. మూడోది తగువు, ఏది నిజమన్న దగ్గరే ఇద్దరికీ పడలేదు. సవరణ దస్తావేజు మొదటిదానికే మందు. మిగతా రెండింటికీ దాన్ని వాడబోయి డబ్బూ కాలమూ పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

మార్పును చూద్దాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా వచ్చింది, ఏలూరు విడిపోయి పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. రాజోలు తోట దస్తావేజులో తూర్పు గోదావరి జిల్లా అని ఉంది, ఇప్పుడది కోనసీమ, కరెక్షన్ చేయించాలా అని అడిగేవాళ్ళున్నారు. అక్కర్లేదు. రాసిన తేదీకి అది తూర్పు గోదావరే. ఆ మాటకొస్తే 1925లో జిల్లాలు విడిపోకముందు రాసిన తాతల నాటి దస్తావేజుల్లో ఒట్టి గోదావరి జిల్లా అని ఉంటుంది, అదీ తప్పు కాదు. దస్తావేజును దాని తేదీ నాటి లోకంతో సరిచూడాలి, ఈ రోజు లోకంతో కాదు. తర్వాత రాసే దస్తావేజులో పాత పేరూ కొత్త పేరూ రెండూ చెబితే సరి.

రీసర్వే నంబర్లదీ ఇదే కథ. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్, అంటే భూమి ముక్క) నంబర్లు వచ్చాయి. పాత దస్తావేజులో ఎల్‌పీ నంబరు లేకపోవడం తప్పు కాదు, అప్పటికి ఆ నంబరే పుట్టలేదు. పాత నంబరుకూ కొత్త నంబరుకూ లంకె చూపించే రికార్డు రెవెన్యూ దగ్గర ఉంటుంది, దాన్ని దగ్గర పెట్టుకుంటే చాలు. రీసర్వేలో విస్తీర్ణం తగ్గిందనుకోండి, హద్దు జరిగిందనుకోండి, అది సవరణ దస్తావేజుతో తీరేది కాదు. అది సర్వే రికార్డు మీద అభ్యంతరం. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కింద అభ్యంతరం చెప్పడం, అప్పీలు చేయడం, చివరికి సివిల్ కోర్టుకు వెళ్ళడం అనే దారి వేరే ఉంది. నోటిఫికేషన్ వచ్చాక దావాకు 3 ఏళ్ళ గడువుంది. పక్కవాడితో కలిసి సవరణ దస్తావేజు రాసుకుని వచ్చి రీసర్వేను మార్చమంటే ఎవరూ మార్చరు.

అన్నిటికంటే బాధాకరమైన మార్పు లంకల్లో జరుగుతుంది. ఉత్తరాన వశిష్ఠ అనో, గౌతమి అనో హద్దు రాసుకున్న భూమిని వరద కోసుకుపోతుంది. ఎకరం మీద పావు వంతు నదిలో కలిసిపోయాక దస్తావేజులో మాత్రం ఎకరమూ పదిలంగానే ఉంటుంది. ఆ రైతు వచ్చి కాగితం సరిచేయమంటే ఏం చెప్పగలం? కాగితం తప్పు లేదు. రాసిన రోజున ఆ భూమి ఉంది. కోతకు పోయిన భూమి అడంగల్‌లో, అంటే ఊరి సాగు రికార్డులో, మారాలి, నష్టపరిహారం ఏదైనా వస్తే ఆ లెక్క వేరే నడవాలి. సవరణ దస్తావేజు రాసి ఇవ్వడానికి కూడా అవతల పక్షం ఎవరు, గోదావరా? ఇలాంటివాళ్ళను "అలా చేయించుకో, ఇలా చేయించుకో" అని ఆఫీసుల చుట్టూ తిప్పడం దారుణం. మొదటి రోజునే ఇది రిజిస్ట్రేషన్ పని కాదని చెప్పేయాలి.

తగువు దగ్గర దారి కోర్టు. అమ్మినాయన సంతకం పెట్టనంటాడు. "నేను 35 సెంట్లే అమ్మాను" అంటాడు. లేదా వారసుల్లో ఒకరు డబ్బడుగుతారు. అప్పుడు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షను కింద దావా వేయాలి. మోసం వల్ల గానీ, ఇరుపక్షాలకూ కలిగిన పొరపాటు వల్ల గానీ కాగితం వాళ్ళ అసలు ఉద్దేశాన్ని చెప్పడం లేదని రుజువు చేస్తే కోర్టు సవరించమంటుంది. ఇరుపక్షాలకూ అన్న మాట ముఖ్యం. నేనొక్కడినే పొరపాటు పడ్డాను, అవతలివాడికి తెలుసు, వాడు మోసమూ చేయలేదు అంటే ఈ సెక్షను కింద నిలవడం కష్టం. మామూలుగా రాసిన దస్తావేజుకు విరుద్ధంగా నోటిమాట సాక్ష్యం చెల్లదు. పొరపాటు, మోసం రుజువు చేసేటప్పుడు మాత్రం ఆ తలుపు తెరుస్తారు. బేరం కుదిరినప్పటి అగ్రిమెంటు, బయానా రసీదు, కొలతల చిత్తు కాగితం అప్పుడు ప్రాణం పోస్తాయి. అవన్నీ రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా అని చించి పారేసేవాళ్ళు మనలో ఎంతోమంది.

ఆ సెక్షనులోనే ఒక కట్టుబాటు ఉంది. మధ్యలో మూడో మనిషి మంచి మనసుతో, డబ్బిచ్చి హక్కు సంపాదించుకుంటే, అతనికి నష్టం రాకుండా ఎంత సవరించగలరో అంతే సవరిస్తారు. మొదట చెప్పిన 112/2 తోటను అమ్మినవాళ్ళు మళ్ళీ ఇంకొకరికి అమ్మారనుకోండి, ఆ రెండో కొనుగోలుదారు తోటకు వెళ్ళి చూశాడా, దింపు ఎవరు తీస్తున్నారో అడిగాడా అన్న ప్రశ్నల మీద కేసు నడుస్తుంది. అందుకే తప్పు కనపడిన రోజునే కదలాలి. గడువు కూడా సాధారణంగా 3 ఏళ్ళే. రెండు పక్షాలూ ఒప్పుకుని రాసుకునే సవరణకు అలాంటి గడువు లేదు, అసలు దస్తావేజు ఎంత పాతదైనా చేసుకోవచ్చు. పెద్దాయన బతికి ఉండగానే చేయించుకోమని చెప్పేది ఇందుకే.

కోపంలో ఇంకో దారి తొక్కేవాళ్ళున్నారు. తప్పు పడింది కాబట్టి పాతదాన్ని రద్దు చేసేసి కొత్తది రాసుకుందాం అంటారు. రద్దు దస్తావేజు సవరణ కాదు, అది హక్కును వెనక్కి తిప్పడం. అమ్మినవాడొక్కడే వెళ్ళి రద్దు చేసేసిన రోజులు ఒకప్పుడు ఉండేవి. 2006లో రాష్ట్ర రిజిస్ట్రేషన్ నిబంధనల్లో దానికి అడ్డుకట్ట వేశారు. క్రయ దస్తావేజు రద్దుకు రాసి ఇచ్చినవాళ్ళూ, రాయించుకున్నవాళ్ళూ అందరూ కలిసి రావాలి. పైగా రద్దు చేసి మళ్ళీ రాస్తే కొత్త అమ్మకం సుంకం పడుతుంది. అంకె తప్పుకు ఇంత అక్కర్లేదు.

ఏ పుస్తకంలో తప్పు పడిందో చూసుకోకపోవడం వల్ల కూడా పని చెడుతుంది. దస్తావేజు తీసి చూడండి. అందులో 112/2 అని సరిగానే ఉండి, ఈసీలో మాత్రం 121/2 అని ఉంటే, అది ఆఫీసులో ఎక్కించేటప్పుడు పడిన తప్పు. దానికి సవరణ దస్తావేజు అక్కర్లేదు, అమ్మినవాళ్ళను బతిమాలక్కర్లేదు. అసలు దస్తావేజు జతచేసి సబ్‌రిజిస్ట్రారుకు దరఖాస్తు ఇస్తే ఆఫీసు రికార్డు వాళ్ళే సరిచేసుకోవాలి. దస్తావేజు, ఈసీ రెండూ సరిగా ఉండి అడంగల్‌లోనో వన్‌బీలోనో (భూమి హక్కుల రికార్డు) పేరు తప్పు ఉంటే అది రెవెన్యూ పని, 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింద తహసీల్దారు దగ్గర నడవాలి. సవరణ దస్తావేజు రిజిస్టరైపోయింది కాబట్టి పాసుపుస్తకం తనంతట తనే మారిపోతుందని నమ్మి ఊరుకోకూడదు, వెళ్ళి చూసుకోవాలి. నిషేధిత భూముల జాబితాలో, అంటే 22-ఏ కింద, మన నంబరు పొరపాటున చేరితే దానికీ సవరణ దస్తావేజు పనికిరాదు. జాబితా ప్రభుత్వానిది కాబట్టి కలెక్టరు దగ్గరికే దరఖాస్తు వెళ్ళాలి.

రెక్టిఫికేషన్ అన్న మాటే రీసర్వే ఫైళ్ళలో ఇంకో రూపంలో కనపడి జనాన్ని కంగారు పెడుతోంది. డ్రోనుతో తీసి సరిచేసిన ఫోటోను ఓఆర్ఐ (ఆర్థో రెక్టిఫైడ్ ఇమేజ్) అంటారు, అందులో మధ్య అక్షరం రెక్టిఫైడ్ అన్నదే. అంటే మన భూమిని ఎవరో ముందే సవరించేశారని కాదు. పైనుంచి కెమెరా తీసిన ఫోటోలో, సరిగ్గా కెమెరా కింద ఉన్న కొబ్బరి చెట్టు తల మాత్రమే కనపడుతుంది. పక్కనున్న చెట్లు బయటి వైపు వాలిపోయినట్టు పడతాయి, వాటి మొదలు ఒకచోట, మట్ట ఇంకోచోట. డ్రోను కొంచెం వంగినా, నేల ఎత్తుపల్లాలున్నా ఫోటోలో దూరాలు మారిపోతాయి. నేల మీద కచ్చితంగా కొలిచి పెట్టిన గుర్తులతో, నేల ఎత్తుల లెక్కతో ఆ తేడాలను తీసేసి, నేల మీది ప్రతి చుక్కనూ నిలువుగా పైనుంచి చూసినట్టు తన చోటికి తెస్తారు. అలా చేశాకే ఫోటో మీద కొలత పెట్టడానికి పనికొస్తుంది. మన తోటల్లో ఇంకో ఇబ్బంది ఉంది. మట్టల గొడుగు కింద ఉన్న గట్టు ఫోటోలో అసలు పడదు. ఎంత సరిచేసినా లేనిది రాదు. అక్కడ సర్వేయరు రోవరు (ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరం) పట్టుకుని గట్టు మీద నడవాల్సిందే, రైతు పక్కనుండి చూపించాల్సిందే. నోటీసు వచ్చిన రోజున కోనసీమ రైతు పొలానికి వెళ్ళకపోతే జరిగే నష్టం, మెరక సీమలో బోడి పొలం రైతుకు జరిగేదానికంటే ఎక్కువ.

ఇదే మాట ఫోను చార్జరులోనూ ఉంది. అటూ ఇటూ దిశ మార్చుకుంటూ వచ్చే కరెంటును ఒకే దిశకు తిప్పే భాగం రెక్టిఫయరు. తణుకు వైపు చక్కెర ఫ్యాక్టరీల పుణ్యమా అని వినపడే రెక్టిఫైడ్ స్పిరిటు, చెరకు మడ్డిని పులియబెట్టి పదేపదే బట్టీ పట్టి ఇంచుమించు 95 శాతం దాకా శుద్ధి చేసిన సారం. లాటిన్‌లో తిన్నగా చేయడం అన్నదే ఈ మాటకు మూలం కాబట్టి అన్నిటిలోనూ ఆ పోలిక ఉంది. ఇంతకు మించి వాటితో మనకు పని లేదు.

పుట్టిన తేదీల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 15వ సెక్షను నాకు చాలా ఇష్టం. నమోదు తప్పని రిజిస్ట్రారుకు నమ్మకం కలిగితే సరిచేయవచ్చు, కానీ పాత రాతను మార్చకూడదు. పక్కన మార్జిన్‌లో సరైన సంగతి రాసి, సంతకం పెట్టి, తేదీ వేయాలి. తప్పు, ఒప్పు, ఎవరు సరిచేశారు, ఎప్పుడు, అన్నీ ఒకే పుటలో ఉంటాయి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారం పది రోజుల్లోనే పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు సరిగా ఉందో లేదో చూసుకోవాలి. తల్లి పేరులో అక్షరం తప్పితే అది తప్పు, సరిచేస్తారు. జాతకం కుదరలేదని పిల్లాడికి కొత్త పేరు పెట్టుకుంటే అది మార్పు, దారి వేరు. పదో తరగతి మెమోలో తేదీ తప్పు ఉంటే ముందు బడి అడ్మిషన్ రిజిస్టరు చూడాలి. రిజిస్టరులో సరిగా ఉంటే హెడ్మాస్టరు ద్వారా పని తేలిక, రిజిస్టరే తప్పుగా ఉంటే చాలా కష్టం. ఆధార్‌లోనైతే పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు. ఆ ఒక్క అవకాశాన్నీ తొందరపడి ఏదో ఒక కాగితం చూపించి వాడేసుకోకూడదు. అన్నిటికీ మూలమైన కాగితాన్ని ముందు సరిచేయించి, దాని వెనుక మిగతావి సరిచేయించుకోవాలి. పాస్‌పోర్టులో దిద్దడమంటూ ఉండదు, కొత్తది తీసుకోవాల్సిందే. వీసా చేతికొచ్చాక ఇది తెలిస్తే గల్ఫ్ వెళ్ళేవాళ్ళకు ఎంత నష్టమో కోనసీమలో చెప్పక్కర్లేదు.

పన్నుల్లో తప్పుకూ తగువుకూ మధ్య గీత ఇంకా స్పష్టంగా గీశారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో (2026 ఏప్రిల్ 1కి ముందు సంవత్సరాలకు వర్తించేది) 154వ సెక్షను రెక్టిఫికేషన్‌దే. రికార్డు చూడగానే కనపడే తప్పును మాత్రమే దాని కింద సరిచేస్తారు, ఆ ఉత్తర్వు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 4 ఏళ్ళలోపు. చూడగానే కనపడటమంటే ఏమిటో సుప్రీంకోర్టు 1971లో తేల్చింది. పొడుగాటి వాదన చేసి, రెండు అభిప్రాయాలకు చోటున్న విషయంలో నిరూపించుకోవాల్సింది అలాంటి తప్పు కాదని చెప్పింది. భీమవరం రొయ్యల వ్యాపారికి ముందే కోసిన పన్ను (టీడీఎస్) రికార్డులో కనపడుతూ లెక్కలో కలపకపోతే అది 154. చెరువు లీజుకిచ్చిన రాబడి వ్యవసాయ ఆదాయమా కాదా అంటే అది వాదన, అప్పీలుకు వెళ్ళాలి. ఇది తెలియక రెక్టిఫికేషన్ దరఖాస్తు పెట్టి కూర్చుంటే, అది తిరిగొచ్చేసరికి అప్పీలు గడువు దాటిపోతుంది. జీఎస్‌టీలో 161వ సెక్షను కింద 3 నెలల్లో అడగాలి, 6 నెలలు దాటితే అచ్చు తప్పులు, కూడికల తప్పుల వంటివి తప్ప సరిచేయరు. కోర్టు తీర్పులో పడిన రాత తప్పు, లెక్క తప్పు మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడు 152వ సెక్షను కింద ఎప్పుడైనా సరిచేయించుకోవచ్చు.

నేను చెబుతున్న గీత ఒకచోట చెల్లదు. ట్రేడ్‌మార్కు, భౌగోళిక గుర్తింపు చట్టాల్లో రిజిస్టరును రెక్టిఫై చేయడమంటే అందులోంచి ఒక నమోదును పూర్తిగా తీసేయడం కూడా. అక్కడ అది తగువే, పూర్తి స్థాయి తగువు. ఆత్రేయపురం పూతరేకులకు, నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, రేపు ఎవరైనా దాని మీద రెక్టిఫికేషన్ పిటిషన్ వేశారని వార్త చదివితే ఏదో అక్షరం దిద్దుతున్నారనుకోవద్దు. గుర్తింపు మొత్తానికే ఎసరు పెట్టే పిటిషన్ కావచ్చు అది. ఆ చేతిపని మీద బతికేవాళ్ళు ఆ రోజున ఊరుకోకూడదు.

మళ్ళీ దస్తావేజు దగ్గరికి. సంతకాలు కాకముందు తప్పు కనపడితే దాన్ని సరిచేయడానికి ఖర్చే లేదు. ముసాయిదాలో కొట్టేసి మళ్ళీ రాయించవచ్చు. స్టాంపు కాగితం మీద అచ్చయిపోయాక కనపడినా, కొట్టివేత పక్కన రాసి ఇచ్చేవాళ్ళు సంతకం పెట్టాలని రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షను చెబుతుంది. అలా పెట్టని దిద్దుబాటు ఉంటే రిజిస్ట్రారు కాగితం తిప్పి పంపవచ్చు. అందుకని ముసాయిదా చేతికి రాగానే ప్రతిఫలం అంకె చూసి సంతృప్తి పడి పక్కన పెట్టకండి. షెడ్యూలు పుట తెరవండి. పాత లింకు దస్తావేజు (అమ్మేవాళ్ళకు హక్కు వచ్చిన కాగితం) పక్కన పెట్టుకుని నంబరును అంకె అంకెగా, ఒకరు చదువుతుంటే ఒకరు చూస్తూ, సరిపోల్చండి. విస్తీర్ణం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటే ఉందా? తూర్పు పడమరలు తారుమారు కాలేదు కదా? పుంత అన్నచోట బోదె అని పడలేదు కదా? పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, తండ్రి పేరుతో సహా ఉన్నాయా? రిజిస్టరయ్యాక కొద్ది రోజులు ఆగి, సరైన నంబరు మీద ఈసీ తీసి దస్తావేజుతో సరిచూసుకోండి. తేడా ఏదైనా ఉంటే, అమ్మినవాళ్ళు అప్పటికింకా ఊళ్ళోనే ఉంటారు, సంతకం పెట్టడానికి వాళ్ళకు అభ్యంతరమూ ఉండదు.